మొదటి స్కైలైన్ కొన్నవాళ్లు వినకూడని మాటలు

డాలస్ చుట్టుపక్కల మన తెలుగు కుర్రాళ్లలో పాత నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ కొనేవాళ్లు ఈమధ్య నాకు తరచూ తారసపడుతున్నారు. ఒకప్పుడు హాస్టల్ గదిలో కంప్యూటర్ గేముల్లో ఆ కారును నడిపినవాళ్లే. ఇప్పుడు జీతం బాగుంది, ఇంటికి గరాజ్ ఉంది, చట్టమూ అడ్డు చెప్పదు. తయారై 25 ఏళ్లు నిండిన కారుకు అమెరికాలో భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు ఉంటుంది. అందుకే 1989 ఆగస్టులో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఆర్32 మోడల్ 2014 నుంచి ఇక్కడికి రావడం మొదలైంది. మన దేశంలో ఆ వీలు లేదు. మూడేళ్లు దాటిన పాత కారును దిగుమతి చేసుకోవడానికి అక్కడి నిబంధనలు ఒప్పుకోవు.

కారు ఇంటికి చేరిన రోజు నుంచే సలహాలు మొదలవుతాయి. చెప్పేవాళ్లు మంచివాళ్లే, కారంటే ప్రాణం పెట్టేవాళ్లే. నా దగ్గర 1991 నాటి ఆర్32 ఎనిమిదేళ్లుగా ఉంది. నేను విని నష్టపోయిన సలహాలు కొన్ని, వేరేవాళ్లు విని తర్వాత బాధపడుతూ నా దగ్గరికి వచ్చినవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను. వాళ్లన్న మాట అన్నట్టే పెట్టి, అదెందుకు తప్పో చెబుతాను.

"తక్కువ తిరిగిన బండి, కళ్లు మూసుకుని కొనెయ్."

మీటరులో 50 వేల కిలోమీటర్లు కనబడగానే మనసు లొంగిపోతుంది. ఆ అంకె నిజమే అనుకుందాం. 30 ఏళ్లు దాటిన కారు అంత తక్కువ తిరిగిందంటే ఏళ్ల తరబడి ఎక్కడో కదలకుండా నిలబడి ఉందనే కదా. నిలబడ్డ కారులో ఇనుము అరగదు, రబ్బరు మాత్రం ఎండిపోతుంది. కూలెంట్ గొట్టాలు, పెట్రోలు గొట్టాలు, బ్రేకు గొట్టాలు, ఆయిల్ సీళ్లు, సస్పెన్షన్ బుష్‌లు, ఇంజన్ మౌంటింగులు, వీటన్నిటికీ వయసు మీద పడేది ఏళ్లతోనే. ట్యాంకులో మిగిలిన పెట్రోలు చెడి జిగురు కడుతుంది. ఇంజన్ వేడికి వైరింగ్ ప్లాస్టిక్ పెళుసుబారి, కనెక్టర్ క్లిప్పును వేలితో నొక్కితే చిట్లిపోతుంది. లక్షా ఇరవై వేలు తిరిగినా ప్రతి పనికీ రసీదు ఉన్న కారునే నేను కొంటాను. మొదటి ఏడాది డబ్బంతా ఈ రబ్బరు మీద, వైర్ల మీద పెట్టండి. నిస్సాన్ వాళ్ల నిస్మో 2017 చివర్లో ఆర్32 కోసం, తయారీ ఆగిపోయిన గొట్టాలు, వైరింగ్ హార్నెస్‌ల వంటి విడిభాగాలను మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టింది. దొరికినవి దొరికినప్పుడే కొని పెట్టుకోండి.

"పెయింట్ చూడు, అద్దంలా ఉంది."

విజయవాడ ఆటోనగర్‌లో మా మేనమామకు డెంటింగ్ షెడ్డు ఉండేది. పాత అంబాసిడర్ వస్తే ఆయన పెయింట్ వంక చూసేవాడే కాదు. వేలి కణుపుతో తలుపుల కింది అంచు పొడవునా కొట్టుకుంటూ పోయేవాడు. రేకు మోగుతుంది, పుట్టీ మోగదు. ఆ పరీక్ష స్కైలైన్‌కూ పనికొస్తుంది. వెనక చక్రాల ఆర్చీలు, డిక్కీ అడుగున మూలలు, తలుపుల కిందుండే సిల్లులు, అన్నిటికన్నా ముఖ్యంగా జాకీ పెట్టే అంచులు చూడాలి. చేతులు మారిన కారులో ఆ అంచులు నలిగి ఉంటాయి. నలిగిన చోట సీలెంట్ పగిలి నీళ్లు దూరుతాయి. అక్కడి నుంచి తుప్పు లోపల తింటూ బయటికి వస్తుంది. పెయింట్ మీద బుడగ లేచేసరికి లోపల రేకు మిగలకపోవచ్చు.

జపాన్ వేలంలో అమ్ముడైన కారుకు తనిఖీ కాగితం ఒకటి ఉంటుంది. దాన్ని తప్పకుండా అడగండి. అందులో కారు బొమ్మ మీద అక్షరాలు రాసి ఉంటాయి. 'ఏ' అంటే గీత, 'యూ' అంటే సొట్ట, 'డబ్ల్యూ' అంటే బాగుచేసిన చోటు, 'ఎస్' అంటే తుప్పు, 'ఎక్స్‌ఎక్స్' అంటే ఆ భాగాన్నే మార్చారు. గ్రేడు ఉండాల్సిన చోట 'ఆర్' అని ఉంటే ప్రమాదంలో దెబ్బతిని మరమ్మతైన బండి. కాగితం లేదంటే లిఫ్ట్ ఎక్కించి టార్చి లైటుతో అడుగంతా చూసే దాకా డబ్బు ఇవ్వకండి. ఇంజన్ పోతే ఇంకొకటి దొరుకుతుంది, కుళ్లిన బాడీకి మారుబాడీ లేదు.

"ఆ ముక్క తీసి పారెయ్ అన్నా, పైసా ఖర్చు లేకుండా పవర్ వస్తుంది."

నేను విన్నవాటిలో ఎక్కువ నష్టం చేసిన సలహా ఇదే. అందుకని కాస్త వివరంగా చెప్పాలి.

ఈ కారు ఇంజన్ పేరు ఆర్‌బీ26డీఈటీటీ. వరసగా ఆరు సిలిండర్లు, 2,568 సీసీ, రెండు టర్బోలు. కాగితం మీద 280 హార్స్‌పవర్. అప్పట్లో జపాన్ కంపెనీలు అంతకు మించి ప్రకటించకూడదని తమలో తాము ఒక మాట అనుకున్నాయి. జపాన్ టూరింగ్ కార్ పోటీల్లో 1990 నుంచి 1993 వరకు జరిగిన 29 రేసుల్లోనూ ఆర్32దే గెలుపు. ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్‌లో 1991లో, మళ్లీ 1992లో గెలిచింది. ఇదంతా విన్న కొత్త యజమానికి, ఇంజన్‌లో ఎంతో శక్తి దాచి ఉంచారనీ దాన్ని బయటికి తీయడమే తరువాయి అనీ అనిపిస్తుంది. ఇంజన్ దిమ్మ విషయంలో అది నిజమే. కానీ రేసు కారుకు బిగించిన టర్బోలు, మీ కారుకు ఫ్యాక్టరీ బిగించిన టర్బోలు ఒకటి కావు.

ఫ్యాక్టరీ టర్బోల్లో ఎగ్జాస్ట్ వైపు తిరిగే చక్రం సిరామిక్‌తో చేసింది. తేలిక గనుక చప్పున వేగం అందుకుంటుంది. యాక్సిలరేటర్ తొక్కగానే కారు స్పందించేది అందువల్లే. అయితే సిరామిక్ వంగదు, హద్దు దాటితే పగులుతుంది. అందుకే నిస్సాన్ ఒత్తిడిని 0.7, 0.8 బార్ ప్రాంతంలో ఆపింది. ఒత్తిడి హద్దు దాటకుండా ఎగ్జాస్ట్‌ను పక్కదారి పట్టించే తలుపు పేరు వేస్ట్‌గేట్. దాన్ని తెరిచే గాలిలో కొంత పక్కకు వదిలే గొట్టం ఒకటుంది. అందులో సన్నని రంధ్రమున్న చిన్న లోహపు ముక్క ఉంటుంది. రంధ్రం సన్నగా ఉన్నంతసేపు పక్కకు పోయే గాలి కొద్దిగానే ఉంటుంది. ముక్క పీకేస్తే ఎక్కువ గాలి పక్కకు పోతుంది. వేస్ట్‌గేట్ ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఒత్తిడి ఒక బార్ దాకా ఎగబాకుతుంది. 30 ఏళ్లుగా ఎర్రగా కాలుతూ చల్లారుతూ వచ్చిన సిరామిక్‌కు అది ఆఖరి హద్దు.

కారు కొన్న నాలుగో నెలలో ఆయిల్ మార్చమని ఒక వర్క్‌షాపులో ఇచ్చాను. వాళ్లే ఈ మాట చెప్పారు, నేను సంబరంగా సరే అన్నాను. ఆరు వారాలు కారు రెక్కలొచ్చినట్టే పరుగెత్తింది. జూన్ నెలలో ఒక సాయంత్రం, హైవే ఎక్కే ర్యాంపు మీద, మూడో గేరులో ఉండగా సన్నని కూతలాంటి చప్పుడు లేచి ఠక్కున ఆగిపోయింది. బండి నడుస్తూనే ఉంది, ఊపు పోయింది. విప్పి చూస్తే వెనక టర్బోలో ఇరుసు ఉంది, చక్రం లేదు. ముక్కలు ఎగ్జాస్ట్ గొట్టంలో దొరికాయి. ముందు టర్బోదీ అదే వయసు, అదే శ్రమ. దాన్ని నమ్మలేక రెండూ మార్పించాను.

ఎక్కువ పవర్ కావాలనుకోవడం తప్పు కాదు. ముందు ఆరు సిలిండర్ల కంప్రెషన్ కొలిపించండి. తర్వాత లోహపు చక్రాల టర్బోలు, పెట్రోలు పంపు, ఇంజెక్టర్లు, వాటికి తగ్గ కంప్యూటర్ ట్యూనింగ్, ఇవన్నీ ఒకే పనిగా చేయించాలి. తొలి ఏళ్ల ఇంజన్లలో ఇంకో చిక్కు ఉంది. ఆయిల్ పంపును తిప్పే చోట క్రాంక్ షాఫ్టు కాలర్ పొట్టిగా ఉంటుంది. పదేపదే ఎక్కువ ఆర్‌పీఎంకు తొక్కితే పంపు గేరు పగులుతుంది, ఆయిల్ ఆగుతుంది, బేరింగులు మాడిపోతాయి. ఈ కాలర్ సంగతి తేలకుండా పవర్ జోలికి వెళ్లొద్దు. మొదటి ఏడాది అసలు వద్దు. మీ కారులో ఆ లోహపు ముక్క ఇంకా ఉందో, పాత యజమాని ఎవరైనా పీకేశారో మాత్రం ఇవాళే చూడండి. లేకపోతే తిరిగి పెట్టించండి.

"బ్లో-ఆఫ్ వాల్వ్ మార్చు, గేరు మార్చినప్పుడల్లా చుస్సుమంటుంది."

ఈ ఇంజన్‌లోకి వెళ్లే గాలిని రెండు ఎయిర్‌ఫ్లో మీటర్లు ముందే కొలుస్తాయి. ఫ్యాక్టరీ వాల్వులు మిగులు గాలిని తిరిగి లోపలికే పంపుతాయి. చప్పుడు కోసం దాన్ని బయటికి వదిలేస్తే, కొలిచిన గాలి ఇంజన్‌కు చేరదు, కంప్యూటర్ మాత్రం ఆ లెక్కకే పెట్రోలు పోస్తుంది. సిగ్నల్ దగ్గర ఇంజన్ తడబడుతుంది, ఆగిపోతుంది కూడా. ఫ్యాక్టరీ వాల్వులే ఉంచండి.

"ఇప్పుడు రెండు టైర్లు మార్చు, మిగతా రెండు వచ్చే ఏడాది."

వేరే కార్లకు చెల్లే మాట ఇది. జీటీ-ఆర్ మామూలుగా వెనక చక్రాలతో నడుస్తుంది. వెనక చక్రాలు ముందువాటికన్నా వేగంగా తిరుగుతున్నాయని కంప్యూటర్ గమనిస్తే, అవి జారుతున్నాయని భావించి, ట్రాన్స్‌ఫర్ కేసులోని క్లచ్ ప్లేట్లను నొక్కి ముందు చక్రాలకు సగం వరకు శక్తి పంపుతుంది. ముందు కొత్త టైర్లు, వెనక అరిగినవి వేస్తే ఆ తేడా ఎప్పుడూ ఉన్నట్టే లెక్క. క్లచ్ ప్లేట్లు అవసరం లేకుండా రాసుకుని వేడెక్కి అరిగిపోతాయి. నాలుగు టైర్లూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి, ఒకేసారి వేయించండి. టైరు గోడ మీద తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. గాడి ఎంత లోతుగా ఉన్నా, పదేళ్ల టైరుతో ఈ కారును వాన రోడ్డు మీదికి తేవద్దు.

పెట్రోలు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. "పాత బండేగా, రెగ్యులర్ కొట్టించు" అనేవాళ్లున్నారు. ఈ ఇంజన్‌ను జపాన్ హై-ఆక్టేన్ పెట్రోలుకు తగ్గట్టు ట్యూన్ చేశారు. ఇక్కడ బంకులో 93 ఉంటే 93, లేకపోతే 91. 87 పోస్తే టర్బో ఒత్తిడి మీద నాక్ మొదలై పిస్టన్లు దెబ్బతింటాయి.

"నడపకపోయినా వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచు."

నాకు ఈ సలహా చెప్పింది నన్నెంతో ఆదరించే పెద్దాయన. కానీ ఐదు నిమిషాల్లో కూలెంట్ వేడెక్కినట్టు కనిపించినా ఆయిల్ వేడెక్కదు. మండిన పెట్రోలు నుంచి వచ్చే తేమ ఆయిల్‌లో, ఎగ్జాస్ట్ గొట్టంలో నిలిచిపోతుంది. వేడిగా అరగంట నడిపితేనే అది ఆవిరై పోతుంది. నడిపే తీరిక ఉంటే ఆదివారం పొద్దున్నే తీసి 40 కిలోమీటర్లు తిప్పుకురండి. డ్యాష్‌బోర్డు మధ్యలో ఆయిల్ వేడి చూపే ముల్లు ఉంది. అది లేచే దాకా టర్బో మీద ఒత్తిడి పెట్టకండి. తీరిక లేకపోతే బ్యాటరీకి చార్జర్ తగిలించి కదిలించకుండా వదిలేయండి.

"కుడివైపు స్టీరింగ్ మనకు పుట్టినప్పటి నుంచీ అలవాటే కదా."

ఈ మాట మన తెలుగువాళ్లే ఒకరితో ఒకరు చెప్పుకుంటారు. విజయవాడలో, వరంగల్‌లో కుడివైపు కూర్చుని నడిపినప్పుడు రోడ్డుకు ఎడమవైపు వెళ్లేవాళ్లం. కూర్చునే చోటు, వెళ్లే వైపు ఒకదానికొకటి సరిపోయేవి. ఇక్కడ కుడివైపు కూర్చుని కుడివైపే వెళ్లాలి. రెండు లేన్ల రోడ్డు మీద ముందున్న ట్రక్కును దాటాలంటే ఎదురుగా వచ్చేది మీకు కనిపించదు, పక్క సీటులోవాళ్లకే కనిపిస్తుంది. అలవాటైన చేయి ధైర్యం చెబుతుంది, కన్ను మాత్రం చూడలేదు. మొదటి మూడు నెలలు అలాంటి రోడ్ల మీద ఎవరినీ దాటకండి. ట్రక్కు వెనక పది నిమిషాలు పోతే పోనివ్వండి, ఇంట్లో పిల్లలు ఎదురుచూస్తుంటారు.

"బెల్టు బాగానే కనిపిస్తోంది, తర్వాత చూద్దాంలే."

టైమింగ్ బెల్టు మార్చడానికి నిస్సాన్ పెట్టిన గడువు లక్ష కిలోమీటర్లు. అది కొత్త కారుకు చెప్పిన లెక్క. రబ్బరు బెల్టు కదలకుండా ఉన్నా ముసలిదవుతుంది, పైకి చూస్తే ఏమీ తెలియదు. తెగితే ఈ ఇంజన్‌లో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి, 24 వాల్వులున్న హెడ్డు విప్పక తప్పదు. అమ్మినవాడు "మార్చాను" అంటాడు. అబద్ధమాడుతున్నాడని నేననను, తేదీ అతనికే గుర్తుండకపోవచ్చు. తేదీ, కిలోమీటర్లు రాసిన రసీదు మీ చేతిలో లేకపోతే బెల్టు మార్చనట్టే లెక్క. కారు ట్రక్కు దిగిన వారంలోనే బెల్టు, టెన్షనర్, ఐడ్లర్, వాటర్ పంపు నాలుగూ కలిపి మార్పించండి. అప్పటివరకు ఎవరు అడిగినా తాళం చెవి ఇవ్వకండి, మీరూ నడపకండి.