గోటికి లొంగిన రాయి

తొలకరి పడిందంటే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం నడుములు వంచి నడుస్తారు. సద్దిమూటలు కట్టుకుని పక్క జిల్లాల నుంచీ వస్తారు. తడిసిన మట్టిలో ఎక్కడైనా వజ్రం మెరుస్తుందేమోనని వాళ్ళ ఆశ. నా పుట్టినూరు బేతంచెర్ల దగ్గరి ముద్దవరం, ఇప్పటి లెక్కలో నంద్యాల జిల్లా. నాకోసం అలా వానలో నిలబడి వెతికినవాళ్ళను నేను చూడలేదు. నేను బలపపు రాయిని. 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే ఆయన ఖనిజాల గట్టిదనానికి పది మెట్లు కట్టి, పదో మెట్టు మీద వజ్రాన్ని కూర్చోబెట్టాడు. ఒకటో మెట్టు నాది. మనిషి గోరు కూడా నాకంటే గట్టిదే. గీస్తే గీత పడతాను.

ఈ మెత్తదనం నాకు ఊరికే రాలేదు. నేను పుట్టిన చోట ఒకప్పుడు లోతులేని సముద్రం ఉండేది. ఆ నీళ్ళలో కంటికి ఆనని జీవులు పొర మీద పొర పేర్చి కట్టిన దిబ్బల గుర్తులు వేంపల్లె డోలమైటు రాళ్ళలో గుండ్రటి చారలుగా నేటికీ కనిపిస్తాయి. ఆ డోలమైటే నాకు తల్లి. సుమారు 190 కోట్ల ఏళ్ళ కిందట భూమి లోపలి నుంచి కరిగిన రాయి ఎగదన్నుకొచ్చి, ఆ పొరల సందుల్లో చాపలా పరుచుకుంది. చల్లారాక నల్లటి డోలరైటు అయింది. ఆ కాకను, కాగిన నీళ్ళు మోసుకొచ్చిన సిలికాను తల్లిరాయి తట్టుకోలేకపోయింది. తనలోని బొగ్గుపులుసు వాయువును వదిలేసింది. సున్నం కాల్సైటుగా విడిపోయింది. మెగ్నీషియం మాత్రం సిలికానూ కాస్త నీటినీ కౌగిలించుకుని నేనైంది. అదే అంచున, సిలికా చాలని చోట, పులివెందుల వైపు రాతినార, అంటే ఆస్‌బెస్టాస్, పుట్టింది. ఒకే నిప్పుకు పుట్టిన పిల్లలం మేం. దాని పోగులు మనుషుల ఊపిరితిత్తుల్లో ఏం చేశాయో తెలిసినప్పుడు తోబుట్టువుగా నాకు నోట మాట రాలేదు.

నా లోపలంతా పలుచని రేకులే. ఒక్కో రేకు తనమటుకు తాను గట్టిదే. రేకుకూ రేకుకూ నడుమ పట్టు లేదు, అంతే. చెయ్యి వేస్తే సబ్బులా జారతాను. అరచేతికి చల్లగా, నున్నగా తగులుతాను. నల్లటి పలక మీద రుద్దితే నా ఒంటి రేకులే ఊడి అక్కడ అక్షరమై కూర్చుంటాయి. రాయడమంటే నాకు అరిగిపోవడమే.

గనిలో నన్ను కనిపెట్టడానికి ముందు నల్లరాయిని చూస్తారు. దాని అంచు పట్టుకుని తవ్వుకుంటూ పోవాలి. నేను నాపరాయిలా ఊరంతా పరుచుకుని ఉండను. ఒకచోట లావుగా, మరొకచోట సన్నగా, ఉన్నట్టుండి మాయమైపోతూ ఉంటాను. మందు పెట్టి పేలిస్తే పిండైపోతాను. అందుకే గడ్డలు కావాలనుకున్నవాళ్ళు గునపాలతో, పలుగులతో ఓపికగా నన్ను ఒలిచారు. తట్టలకెత్తుకుని గట్టు మీదికి మోసిన ఆడవాళ్ళు తెల్లగడ్డ ఒకవైపు, మరక పడ్డది ఒకవైపు వేసేవాళ్ళు. సాయంత్రానికి వాళ్ళ రెప్పవెంట్రుకలు కూడా తెల్లబడేవి. కోత షెడ్డులో రంపం ముందు కూర్చున్న మనిషి ముక్కుకు తువ్వాలు చుట్టుకునేవాడు. ఆ తువ్వాలు చాలదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. యజమాని అసలే చెప్పలేదు. నా ధూళి ఆ రొమ్ములోకి వెళుతుంటే చూస్తూ ఉండిపోయాను. మెత్తనిదంటే హాని లేనిదని లోకం అనుకుంటుంది. నాకున్న బాధల్లో ఇదే పెద్దది.

రెండో బాధ ఆ గొయ్యి. నిధి అయిపోగానే నన్ను తవ్వినవాళ్ళు దాన్ని పూడ్చకుండా వెళ్ళిపోయారు. పక్కనే పనికిరాదని పారబోసిన గుట్ట. వానకు అది కరిగి చేనులోకి జారుతుంది. గోతిలో నీళ్ళు నిలుస్తాయి. ఎండాకాలం మేకలు దిగితే ఎక్కలేవు. 190 కోట్ల ఏళ్ళు నేను పడుకున్న చోటది. వెళ్ళేటప్పుడు నాలుగు తట్టల మట్టి వేసి ఉండాల్సింది.

మా జాతి చేసిన పనులు చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. సింధు లోయలో ఎద్దునూ, ఒంటికొమ్ము జంతువునూ, ఇంకా ఎవరూ చదవలేకపోయిన ఆ లిపినీ చెక్కిన ముద్రల్లో ఎక్కువవి మావాళ్ళ ఒంటి మీదే ఉన్నాయి. ఉలికి లొంగినంతసేపు లొంగి, ఆ తర్వాత కొలిమిలో కాలి గట్టిపడ్డాయి. మెత్తనిరాయి కాలితే గట్టిపడుతుందని నాలుగు వేల ఏళ్ళ కిందటే ఆ చేతులకు తెలుసు. రేడియోల్లో కరెంటును ఆపే తెల్లటి పింగాణీ బిళ్ళల్లోనూ ఆ గుణమే పనిచేసింది. తెలుగు వంటింట్లో మావాళ్ళను తొలిచి చేసిన రాచ్చిప్ప ఉండేది. చింతపండు పులుసు అందులో చిలుమెక్కేది కాదు. పొయ్యి మీంచి దించాక కూడా చాలాసేపు కుతకుతలాడుతూనే ఉండేది. అల్యూమినియం గిన్నెలొచ్చాక చాలా రాచ్చిప్పలు పెరట్లో కుక్కలకు నీళ్ళు పోసే తొట్లయ్యాయి.

నా వంతు బలపం. అలుపు లేకుండా తిరిగేవాణ్ణి కాళ్ళకు బలపం కట్టుకున్నాడంటారు మీరు. కోట్ల ఏళ్ళు కదలని నేను కూడా కదిలిన రోజు నుంచి ఆగలేదు. షెడ్డు నుంచి లారీకి, లారీ నుంచి అంగడికి, అక్కడి గాజుసీసాలోంచి ఒక చిన్నపిల్ల పిడికిట్లోకి. నా జోడీ మార్కాపురం పలక. అక్షరాభ్యాసం నాడు ఆ పిల్ల వేళ్ళ మీద తన వేళ్ళుంచి వాళ్ళ అవ్వ దిద్దించింది. అవ్వకు చదువు రాదు. ఆ ఒక్క అక్షరం నేర్చుకుని వచ్చింది, మనవరాలి చెయ్యి తానే పట్టుకోవాలని. ఆ రెండు చేతుల వణుకూ నాకు తెలుసు.

పిల్ల నన్ను కొరికేది. "తినొద్దే, కడుపులో రాయవుతాది!" అని అవ్వ నెత్తిన మొట్టేది. ఒంట్లో ఇనుము తక్కువైన పిల్లలకు మట్టీ బలపమూ తినాలనిపిస్తుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. అవసరమైంది నాలో లేదు తల్లీ అని చెప్పాలని ఉండేది. దొండాకు పసరుతో పలక తుడిచిన ప్రతిసారీ నేను రాసిందంతా పోయేది. మళ్ళీ రాసేదాన్ని. ఆ పిల్ల గుణింతాలు దాటి ఎక్కాల్లోకి వచ్చేసరికి చిటికెనవేలంత మిగిలాను.

తర్వాత నోటుపుస్తకాలొచ్చాయి. నన్ను ఒక ఇనుపపెట్టె మూలకు నెట్టి, పైన పాతబట్టలు పడేశారు. పలక ఎప్పుడో పగిలిందని చప్పుడుని బట్టి తెలుసుకున్నాను. చీకటి నాకు కొత్త కాదు. పుట్టిందే చీకట్లో. కానీ అప్పుడు నేను ఎదురుచూడాల్సిందేదీ లేదు. ఈసారి ఉంది. ఎవరో పెట్టె తెరుస్తారని, ఇంకో పిల్ల చెయ్యి తగులుతుందని చూశాను. ఆ పిల్ల పెళ్ళి సన్నాయి విన్నాను. అవ్వ పోయిన రోజు ఏడుపూ విన్నాను. పెట్టె మాత్రం తెరుచుకోలేదు. నేను లోపలుండగానే, 2015లో, మా జాతిని చిన్నతరహా ఖనిజాల జాబితాలో వేశారు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం మా ఖనిజమైన టాల్క్‌ను బహుశా క్యాన్సర్ కలిగించేవాటిలో చేర్చింది. పసిపిల్లల ఒంటికి మా పొడి అద్దిన తల్లులు గుర్తొచ్చారు. కోత షెడ్డులో తువ్వాలు చుట్టుకున్న మనిషి గుర్తొచ్చాడు.

మొన్న ఆ పెట్టెను పాత ఇనుము కింద తూకానికి వేశారు. అది ఒక వెల్డింగ్ షాపు చేరింది. రేకు విప్పుతుంటే నేను కిందపడ్డాను. అక్కడి పెద్ద పనివాడు నన్ను ఏరి చొక్కాకు తుడిచి, కుర్రాడికిచ్చాడు. "చాక్‌పీసు గీత మంటకు పోతాదిరా. దీంతో గీయి."

కుర్రాడు ఇనుపపట్టీ మీద నాతో అడ్డంగా గీశాడు. గ్యాసు మంట ఆ గీత వెంబడే నడిచింది. ఇనుము ఎర్రబడింది, నిప్పురవ్వలు లేచాయి. నిప్పు నాకు పుట్టుక నుంచీ తెలుసు. పట్టీ రెండు ముక్కలయ్యాక చూస్తే తెగిన అంచున నా గీత తెల్లగా అలాగే ఉంది. కుర్రాడు నన్ను చెవి సందున దోపుకుని రెండో పట్టీ అందుకున్నాడు.