గొణగడానికైనా ఒక అగ్రిమెంటు ఉండేది

మా రోజుల్లో జీతాల అగ్రిమెంటు కుదిరిన సాయంత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గర పండగా ఉండేది, కొట్లాటా ఉండేది. సనత్‌నగర్ పారిశ్రామికవాడ సంగతి చెబుతున్నాను. డెబ్బైల చివర, ఎనభైల మాట. ఫస్ట్ షిఫ్టు దిగేవాళ్లూ సెకండ్ షిఫ్టు ఎక్కేవాళ్లూ ఒక్కచోట గుమిగూడేవాళ్లు. యూనియన్ సెక్రటరీ స్టూలెక్కి కాగితం చదివేవాడు. బేసిక్ మీద ఎంత, డీఏ పాయింటుకు ఎన్ని పైసలు, ఇంటద్దె అలవెన్సు ఎంత, అరియర్లు ఏ నెల నుంచి, క్యాంటీన్ రేట్లు ముట్టుకుంటారా లేదా. సగం చదవకముందే వెనక నుంచి కేకలు లేచేవి. "హెల్పర్లకు గింతేనా అన్నా?" "ఫౌండ్రీల చెమట కక్కేటోళ్లను మర్చిపోయిన్రా?" "మమ్మల్ని అడగకుంట సంతకమెట్ల పెడ్తివి?" సెక్రటరీ ప్రతి కేకకూ జవాబు చెప్పాల్సిందే. చెప్పకుండా దిగిపోయినవాడు వచ్చే యూనియన్ ఎన్నికల్లో గెలిచిన దాఖలా లేదు.

అలా కేకలు వేసే వీలు ఇవాళ యూసుఫ్‌గూడ సూపర్ మార్కెట్లలో నిలబడి పనిచేసే పిల్లలకు లేదు. నా బాధంతా అదే.

చెక్‌పోస్టు నుంచి కృష్ణానగర్ వైపు నడుస్తుంటే ఎన్ని దుకాణాలు, ఎన్ని గాజు తలుపులు! మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక సూపర్ మార్కెట్లో బిల్లింగ్ కౌంటర్ మీద రహ్మత్‌నగర్ పిల్ల ఒకతి ఉంటుంది. నెమ్మదైన పిల్ల. సంచీ నేను తెచ్చుకోకపోతే కోప్పడుతుంది కూడా. ఒకసారి రద్దీ లేనప్పుడు అడిగాను, ఏడాదికి జీతం ఎంత పెరుగుతుందమ్మా అని. "ఎవరు పెంచుతరు తాతా? పోయినేడు ఫోన్ల మెసేజ్ వచ్చింది, ఐదొందలు ఎక్కువేసినమని. ఈయేడు మెసేజ్ రాలే." మరి మేనేజర్‌ని అడగలేదా అన్నాను. "మేనేజర్ జీతం కంపెనీ ఇస్తది. నా జీతం ఏజెన్సీ ఇస్తది. ఆయన ఏజెన్సీని అడగమంటడు, ఏజెన్సీ ఫోనెత్తదు." ఇంత మాట చెప్పి, వెనక ఎవరో వస్తే స్కానర్ అందుకుంది.

ఆ అమ్మాయి గొంతులో కోపం లేదు. వాన రాలేదని చెప్పినంత మామూలుగా చెప్పింది. మా గేటు దగ్గర ఇరవై రూపాయలు తక్కువొచ్చాయని చొక్కాలు చించుకున్నవాళ్లు నాకు గుర్తొచ్చారు. తక్కువో ఎక్కువో, వాళ్ల చేతిలో ఒక కాగితం ఉంది. దాని మీద యాజమాన్యం సంతకం ఉంది, యూనియన్ సంతకం ఉంది. లేబర్ ఆఫీసర్ కూర్చోబెట్టి రాజీ కుదిరిస్తే దాన్ని ట్వెల్వ్ త్రీ సెటిల్మెంటు అనేవాళ్లం. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో ఆ సెక్షన్ నంబరు చదువు రాని హెల్పరుకు కూడా నోటికి వచ్చేది. నేరుగా యాజమాన్యంతో కుదిరితే ఎయిటీన్ వన్. ట్వెల్వ్ త్రీ అయితే యూనియన్‌లో లేనివాడికీ, తర్వాత చేరేవాడికీ వర్తిస్తుంది. అందుకే సెక్రటరీలు ఎయిటీన్ వన్‌కు తొందరపడితే మేం ఒప్పుకునేవాళ్లం కాదు. నువ్వు రాయించుకున్నది నీ సభ్యులకేనా, అందరికా అని నిలదీసేవాళ్లం.

ఈ ఊరికి ఆ అలవాటు ఊరికే రాలేదు. 1946లో మఖ్దూం మొహియుద్దీన్, రాజ్‌బహదూర్ గౌర్ లాంటివాళ్లు నిజాం కాలంలోనే ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ పెట్టారు. అల్విన్ ఫ్యాక్టరీలో కూలీగా పనిచేసిన టి. అంజయ్య కార్మిక నాయకుడై, 1980లో ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చున్నాడు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో కార్మిక శాఖ భవనానికి ఆయన పేరే పెట్టారు. సిగరెట్ల ఫ్యాక్టరీ యూనియన్ నుంచి వచ్చిన నాయిని నర్సింహారెడ్డి తెలంగాణ తొలి ప్రభుత్వంలో హోంతోపాటు కార్మిక శాఖ కూడా చూశాడు. వీళ్ల పార్టీలు వేరు, జెండాలు వేరు. అందరూ గేటు దగ్గర నిలబడి మాట్లాడటం నేర్చుకున్నవాళ్లే.

గేటు అన్నది చిన్న విషయం కాదు. వేల మంది ఒకే గేటు లోంచి వస్తూ పోతూ ఉంటే యూనియన్ కట్టడం కష్టమే గానీ అసాధ్యం కాదు. సూపర్ మార్కెట్ సంగతి వేరు. కంపెనీ లెక్కన చూస్తే వేల మంది, దుకాణం లెక్కన చూస్తే పది పదిహేను మంది. అందులో కొందరు కంపెనీ రోల్ మీద, ఎక్కువమంది ఆఫ్ రోల్. షాంపూల దగ్గర, బిస్కెట్ల దగ్గర నిలబడేవాళ్లు ప్రమోటర్లు, వాళ్ల జీతం ఆ సరుకు తయారుచేసేవాడి నుంచి వస్తుంది. సెక్యూరిటీ మనిషిది ఇంకో ఏజెన్సీ. ఒకే చూరు కింద పనిచేస్తూ నలుగురికి నలుగురు యజమానులు. ఏడాది తిరిగేసరికి సగం ముఖాలు మారిపోతాయి. ఎవరితో ఎవరు కలిసి ఏం అడుగుతారు? 2006లో రిలయన్స్ ఫ్రెష్ తన మొట్టమొదటి దుకాణం మన హైదరాబాద్‌లోనే తెరిచింది. ఇక్కడే పుట్టి పెరిగిన త్రినేత్రను ఆ వెంటనే బిర్లా గ్రూపు కొనుక్కుని మోర్ అని పేరు మార్చింది. అప్పటి నుంచి ఈ వ్యాపారం మా ఫ్యాక్టరీలను మించి పెరిగింది. పనివాళ్లతో కూర్చుని జీతం మాట్లాడే పద్ధతి మాత్రం దానితోపాటు పెరగలేదు.

కిరాణా కొట్టు గుమాస్తాకు మీ రోజుల్లో అగ్రిమెంటు ఉందా అని అడగొచ్చు. లేదు. ఒప్పుకుంటాను. కానీ సేటు ఎదురుగానే గల్లా మీద కూర్చుని ఉండేవాడు. పిల్ల పెళ్లికి అప్పు అడిగినా, దసరాకు బట్టలు అడిగినా అడగడానికి ఒక మొహం ఉండేది. ఇప్పుడది కూడా లేదు. ఏసీ ఉంది, యూనిఫాం ఉంది, పీఎఫ్, ఈఎస్ఐ కట్ అవుతున్నాయి. సనత్‌నగర్ ఈఎస్ఐ ఆస్పత్రికి ఆ పిల్లలు పోగలుగుతున్నారంటే సంతోషమే. పన్నెండు గంటలు నిలబడి కాళ్లు వాచాక ఆస్పత్రికి పోవడం కన్నా కూర్చోవడానికి ఒక స్టూలు ఇస్తే పోదా అన్నదే నా ప్రశ్న. కేరళలో బట్టల దుకాణాల ఆడవాళ్లు పోరాడితే 2018లో కూర్చునే హక్కు చట్టంలోకి వచ్చింది. 2021లో తమిళనాడు కూడా చేసింది. అడిగినవాళ్లు ఉన్నారు కాబట్టి వచ్చింది.

దూరం ఎందుకు, రోడ్డు దాటితే కృష్ణానగర్. సినిమా పనివాళ్ల పేట. లైట్‌మెన్లు, మేకప్ వాళ్లు, జూనియర్ ఆర్టిస్టులు, డ్రైవర్లు, ప్రొడక్షన్ వాళ్లు. తెల్లవారుజామున బస్సుల కోసం నిలబడేది ఈ సందుల్లోనే. వాళ్లూ రోజుకూలీ వాళ్లే. ఒక్క గేటు వాళ్లకూ లేదు. ఇవాళ ఒక స్టూడియో, రేపు ఒక అడవి, ఎల్లుండి ఇంకో ఊరు. యజమాని సినిమా సినిమాకూ మారతాడు. ఒకరి పని ఒకరికి పొంతన లేని ఇరవై నాలుగు క్రాఫ్టులు. అయినా యూనియన్లు కట్టుకున్నారు, అన్నీ కలిపి ఫెడరేషన్ పెట్టుకున్నారు. నటుడు ఎం. ప్రభాకర్ రెడ్డి లాంటివాళ్లు పనివాళ్ల ఇళ్ల కోసం తిరిగారు కాబట్టే మణికొండ దగ్గర చిత్రపురి కాలనీకి ఆయన పేరు మిగిలింది. మూడేళ్లకోసారి కూలీ రేట్లు మాట్లాడుకోవడం వాళ్లకు ఆనవాయితీ.

2025లో పాత ఒప్పందం గడువు తీరింది. ఫెడరేషన్ ముప్ఫై శాతం పెంచమంది, ఏ రోజు కూలీ ఆ రోజే ఇవ్వమంది. నిర్మాతలు కుదరదన్నారు. ఆగస్టు 4 నుంచి షూటింగులు ఆగాయి. పద్దెనిమిది రోజులు. ఆ రోజుల్లో కృష్ణానగర్ టీ కొట్ల దగ్గర కూర్చున్నవాళ్లను చూశాను నేను. ఇంటద్దె కట్టాల్సిన తారీఖులు దాటిపోతున్నాయి, కిరాణాలో ఖాతా పెరిగిపోతోంది, శ్రావణమాసం పెళ్లిళ్లకు చదివింపులు లేవు. అయినా వెనక్కి తగ్గుదామన్న మాట తక్కువగా విన్నాను. చివరికి కార్మిక శాఖ, ప్రభుత్వం కూర్చోబెడితే ఆగస్టు 21న రాజీ కుదిరింది. మూడేళ్లకు కలిపి ఇరవై రెండున్నర శాతం. రోజుకు రెండు వేల లోపు వచ్చేవాళ్లకు మొదటి ఏడాది పదిహేను, రెండో ఏడాది రెండున్నర, మూడో ఏడాది ఐదు. అంతకన్నా ఎక్కువ వచ్చేవాళ్లకు తక్కువ.

మర్నాడు అదే టీ కొట్టు దగ్గర ఏం మాట్లాడుకున్నారు? గొణిగారు. "ముప్ఫై అడిగి ఇరవై రెండున్నరకు దిగుడేంది?" అన్నాడొకడు. "మొదటి ఏడు పదిహేను వచ్చింది కదరా, రోజుకు వెయ్యి వచ్చేటోనికి నూట యాభై" అన్నాడు ఇంకొకడు. "రెండో ఏడు రెండున్నర అంటే పాల ధర పెరిగినంత కూడా లేదు" అన్నది ఒకావిడ. నేను ఆవిడ పక్షమే. మధ్య ఏడాదిని అంత పలచగా రాయించుకోవడం సరైన బేరం కాదు. మా సెక్రటరీ అయితే దానికి గేటు దగ్గర గంటసేపు జవాబు చెప్పాల్సి వచ్చేది. కానీ ఆ మాటలు వింటుంటే నాకు కడుపు నిండిపోయింది. వాళ్లకు తెలుసు ఎంత అడిగారో, ఎంత వచ్చిందో, ఎవరు సంతకం పెట్టారో, మళ్లీ ఎప్పుడు అడగాలో. అక్టోబరు 28న మన యూసుఫ్‌గూడ పోలీసు బెటాలియన్ మైదానంలోనే ముఖ్యమంత్రికి సన్మానం చేశారు. సంక్షేమ నిధికి పది కోట్లు, కృష్ణానగర్‌లో పిల్లలకు బడి అని ఆయన మాటిచ్చాడు. ఆ మాట నెరవేరిందా అని అడగడానికి ఒక సంఘం ఉంది.

వేరే దేశంలో సూపర్ మార్కెట్లకే ఇలాంటి బేరం జరుగుతోంది. మా చెల్లెలి మనవడు ఇంగ్లండులో చదువుకుంటూ, స్టూడెంట్ వీసా మీద వారానికి ఇరవై గంటల లెక్కన ఒక సూపర్ మార్కెట్లో సరుకు సర్దుతాడు. వాళ్ల విశ్రాంతి గదిలో బోర్డు మీద కొత్త రేటు, ఏ తేదీ నుంచి, యూనియన్ మనిషి ఎవరు, అన్నీ అంటించి ఉంటాయట. అక్కడి పెద్ద గొలుసు దుకాణం టెస్కోకూ, ఉస్‌డా అనే దుకాణ ఉద్యోగుల యూనియన్‌కూ 2025లో 5.2 శాతానికి ఒప్పందం కుదిరింది. మార్చి చివర గంటకు 12.45 పౌండ్లు, ఆగస్టు చివర 12.64. దానికి బదులుగా పాతవాళ్లకు ఆదివారం పనికి ఇచ్చే అదనపు డబ్బు తీసేశారు, కొంత పరిహారం ఇచ్చి. పాతవాళ్లు నొచ్చుకోక మానతారా? నేనైనా నొచ్చుకునేవాణ్ణి. కానీ ఏది ఇచ్చి ఏది తీసుకున్నారో ముందే తెలిసింది. మన పిల్ల కౌంటర్ మీద నిలబడితే ఒకటి, మన పిల్లవాడు అక్కడ నిలబడితే ఒకటా? ఇద్దరూ చేసేది అదే పని. పప్పు ప్యాకెట్ బరువు రెండు చోట్లా ఒకటే.

చట్టం లేదని ఎవరూ చెప్పకండి. 1988 దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది. ఐదు గంటలు చేశాక గంట విశ్రాంతి. ఆపైన చేస్తే రెండింతల కూలీ. 2025 జూలైలో రోజుకు పది గంటలకు ప్రభుత్వం వెసులుబాటు ఇచ్చినప్పుడు కూడా దుకాణాలను అందులోంచి మినహాయించింది. ఈ ముక్క ఎంతమంది బిల్లింగ్ పిల్లలకు తెలుసు? కనీస వేతనం మీద కరువు భత్యం ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి మారుతుంది. మెసేజ్ రాలేదని ఊరుకోవాల్సిన పని కాదది. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. మేం నోటికి నేర్చుకున్న సెక్షన్లు పోయాయి. కొత్త కోడ్‌లోనూ యాభై ఒక శాతం మంది ఒక యూనియన్ వెంట ఉంటే యాజమాన్యం దానితో మాట్లాడాలని ఉంది. పదిహేను మంది దుకాణంలో ఎనిమిది మంది అన్నమాట. కంపెనీ మొత్తాన్ని లెక్కేస్తే కొండంత పని, అదీ తెలుసు.

అందుకే కృష్ణానగర్ యూనియన్ ఆఫీసుల్లో కూర్చునేవాళ్లను అడుగుతున్నాను. బాలానగర్, జీడిమెట్లలో ఇంకా జెండా మోస్తున్న పాత మిత్రులనూ అడుగుతున్నాను. గేటు లేని చోట యూనియన్ ఎలా కట్టాలో మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఈ పిల్లలు మీ ఇళ్ల పిల్లలే. లైట్‌మన్ కూతురు కౌంటర్ మీద ఉంది, మేకప్ ఆవిడ కొడుకు గోడౌన్‌లో సరుకు దింపుతున్నాడు. చందా పుస్తకం తర్వాత. ముందు పే స్లిప్పు చూడటం నేర్పండి, ఏజెన్సీ పేరు, పీఎఫ్ నంబరు రాసి పెట్టుకోమనండి, ఓవర్‌టైం గంటలు వాళ్ల ఫోన్‌లో వాళ్లే నమోదు చేసుకోమనండి. షట్టరు దించేది రాత్రి పదిన్నరకు. శని, ఆదివారాలు ఊపిరి సలపదు, నెల మొదటి వారం అసలే వద్దు. మూడో వారంలో మంగళవారం రండి.