ఆకుపచ్చ చీరల కరెంటు

ఆ వాయిస్ మెసేజ్ మీరూ వినే ఉంటారు. ఈ వారం మా ఊళ్లో అది మోగని ఫోను లేదు. "అక్కలందరికీ నమస్కారం. గురువారం పొద్దున తొమ్మిదింటికి పర్యావరణ పరిరక్షణ, సామాజిక మార్పు మీద సభ ఉంది. సంఘానికి పదిమందీ ఆకుపచ్చ చీరలు కట్టుకుని స్వచ్ఛందంగా తప్పనిసరిగా రావాలి. రానివాళ్లకి వంద రూపాయలు ఫైను. వచ్చినట్టు ఫొటో తీసి గ్రూపులో పెట్టాలి."

స్వచ్ఛందంగా తప్పనిసరిగా! ఆ రెండు మాటల్నీ ఒకే వాక్యంలో కూర్చోబెట్టినవాళ్లకు తెలుగు రాదని టీకొట్టు దగ్గర నవ్వుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. రాత్రంతా ఆలోచించాను. తెల్లారేసరికి అర్థమైంది, తప్పు నాదేనని. నేను దాన్ని వ్యాకరణంగా చదివాను. అది విద్యుత్ శాఖ భాష.

ఎండను చూడండి. స్వచ్ఛందంగా కాస్తుంది, తప్పనిసరిగా కాస్తుంది. గాలీ అంతే. పిలవకుండా వస్తుంది, కూలి అడగదు, పనయ్యాక తన దారిన తను పోతుంది. ఎంత వాడుకున్నా తరగని వనరులు ఈ భూమ్మీద ఈ రెండేనని సైన్సు మాస్టార్లు చెబితే నమ్మి పరీక్షల్లో రాశాం. మూడోదాన్ని మనవాళ్లు ఎప్పుడో కనిపెట్టారు. డ్వాక్రా మహిళ.

అనుమానం ఉంటే ఉద్యోగాల పేర్లు చదువుకోండి. పట్టణాల్లో ఈ సంఘాల లెక్కాడొక్కా చూసే ఆవిణ్ణి ఏమంటారు? ఆర్పీ. అంటే రిసోర్స్ పర్సన్. రిసోర్స్ అంటే వనరు, పర్సన్ అంటే మనిషి. ఎవరు వనరో, ఎవరు మనిషో ఆ పేరు పెట్టిన రోజే తేల్చేశారు. పాపం, ఆ ఆర్పీని మాత్రం అనకండి. ఆవిడ స్విచ్ ఇంకెవరి వేలి కిందో ఉంది.

కర్నూలు దగ్గర ఓర్వకల్లు ప్రాంతంలో 2017లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు మొదలైంది. దానికి వేల ఎకరాలు కావలసివచ్చాయి. ఈ అక్కల నుంచి తీసే సభాశక్తికి ఆ బాధ లేదు. ఒక హైస్కూలు మైదానం, ఎనిమిది వందల ప్లాస్టిక్ కుర్చీలు చాలు. మన దేశంలో సోలార్ పలకల్ని దక్షిణానికి తిప్పి, కాస్త వాలుగా బిగిస్తారు. మా మైదానంలో వేదిక దక్షిణపు గోడ వైపు పడింది. శామియానా కూడా వేదిక దాకానే వచ్చి ఆగింది. కాబట్టి అక్కలందరూ దక్షిణానికి మొహాలు పెట్టి, కుర్చీల వెనక కాళ్లు ఇసకలో దిగబడి, సరిగ్గా అదే వాలులో ఎండకు అమరిపోయారు. ఏ ఇంజనీరు కొలిచాడో గాని ఒక్క డిగ్రీ తేడా లేదు.

పలకల సామర్థ్యాన్ని 25 డిగ్రీల దగ్గర లెక్కకడతారట. ఆ పైన వేడెక్కేకొద్దీ దిగుబడి తగ్గుతుంది. మా ఊళ్లో 25 అనే అంకె ఏసీ రిమోట్ మీద తప్ప ఎక్కడా కనిపించదు. తొమ్మిదింటికి రమ్మన్న సభకు ముఖ్య అతిథి పన్నెండున్నరకు వచ్చారు. అప్పటికి చప్పట్ల దిగుబడి ఘోరంగా పడిపోయింది. మైకు పట్టుకున్న కుర్రాడు "గట్టిగా, ఇంకా గట్టిగా" అని పలకల్ని తుడిచి చూశాడు. లాభం లేకపోయింది. పలక మీద పడిన ఎండలో అయిదోవంతే కరెంటవుతుందని నిపుణులు చెబుతారు. ఆ రోజు పడిన ఉపన్యాసాల్లో అయిదోవంతు ఎవరి బుర్రకైనా ఎక్కిందంటే నేను నమ్మను.

సరఫరా సంగతికొద్దాం. పక్క మండలం నుంచి వచ్చిన బస్సును నేనే లెక్కపెట్టాను. ఎక్కినవాళ్లు 56, మైదానంలో దిగినవాళ్లు 49. మిగతా ఏడుగురు దారిలో సంత దగ్గర లీకయ్యారు. అంటే లైన్‌ లాసు పన్నెండున్నర శాతం. ఆ మాత్రం పోవడం మామూలేనని మా లైన్‌మన్ కూడా అన్నాడు.

సౌరవిద్యుత్తును పీడించేది నిల్వ సమస్య. పొద్దుగూకితే కరెంటు లేదు, బ్యాటరీ కొందామంటే ఖరీదు. ఇక్కడ బ్యాటరీ పేరు పులిహోర పొట్లం. దాన్ని వందన సమర్పణ అయ్యాకే చేతిలో పెడతారు. ముందే ఇస్తే చార్జింగ్ నిండి అందరూ ఇళ్లకు పోతారని అనుభవం నేర్పింది. పొట్లాల వ్యాను గేటు బయట కనిపించేలా ఆపడంలో ఉంది కిటుకంతా.

మీటరు రీడింగు కూడా పకడ్బందీగానే ఉంది. వచ్చినప్పుడొక ఫొటో, వెళ్లేటప్పుడొక ఫొటో. అందులో తేదీ, టైము, అక్షాంశం, రేఖాంశం పడాలి. మనుషులు తగ్గిన సంఘాలవాళ్లు పక్క సంఘంలోంచి ఇద్దర్ని చేబదులు తెచ్చుకుని నిలబెట్టారు. ఒకే పలక రెండు మీటర్లు తిప్పడం ఈ దేశంలో ఇంకే ప్లాంటులోనూ సాధ్యం కాదు.

రంగుల సంగతి చెప్పలేదు కదూ. మార్చి 8న ఊదా చీరలు. ఆగస్టు 15న మూడు వరసలు, మూడు రంగులు, అంటే త్రీ ఫేజ్ అన్నమాట. పర్యావరణానికి ఆకుపచ్చ. గ్రీన్ ఎనర్జీ అని ప్రపంచమంతా గొంతు చించుకుంటోందిగాని, దాన్ని జాకెట్టు ముక్కతో సహా సాధించింది మనమే.

రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో సమగ్ర క్లీన్ ఎనర్జీ విధానం తెచ్చింది. సౌర, పవన, గ్రీన్ హైడ్రోజన్, పంప్డ్ స్టోరేజీ అన్నీ ఉన్నాయందులో. సభాశక్తి ఒక్కటే లేదు. ఇది అన్యాయం. పంప్డ్ స్టోరేజీ అంటే ఏమిటి? కింద ఉన్న నీళ్లను పైకి తోడి, అవసరం పడ్డప్పుడు మళ్లీ కిందికి వదలడం. ఆ నీళ్లే పైకి, ఆ నీళ్లే కిందికి. పొద్దున హైస్కూల్లో ‘ప్లాస్టిక్ వద్దు’ సభలో కూర్చున్న అక్కల్నే సాయంత్రం కల్యాణ మండపంలో ‘నీరు ముద్దు’ సభకు తోడితే ఖర్చెంత కలిసొస్తుందో ఎవరైనా లెక్క వేశారా? ఇళ్లకు పంపి మళ్లీ తెచ్చే డీజిలైనా మిగులుతుంది. పర్యావరణం అంటే అదే కదా.

ఇంత కరెంటూ ఎక్కడికి పోయిందని అడుగుతారేమో. వేదిక మీద ఒక బల్బు వెలిగింది. మర్నాడు పేపర్లో నాలుగు కాలమ్‌ల వెడల్పున వెలిగింది. కింద ‘స్వచ్ఛందంగా తరలివచ్చిన మహిళలు’ అని రాశారు. ‘తప్పనిసరిగా’ అన్న మాటకు చోటు చాలలేదు.

ఆ ఫొటోలో రెండో వరసలో ఎడమ నుంచి నాలుగో ఆవిడ మా వీధి చివర ఇడ్లీ బండి పెడుతుంది. ఆకుపచ్చ చీర లేక పక్కింటి కోడలి దగ్గర అడిగి కట్టుకుంది. బుధవారం రాత్రి రుబ్బిన పిండి అలాగే వదిలేసి వెళ్లింది. "వంద పారేసి బండి పెట్టుకుందామనుకున్నా అన్నయ్యగారూ. నెలాఖరుకి లోను రెన్యువల్ ఉంది. ఎందుకొచ్చిన గొడవ అని పోయా" అంది.

నడుంలో ఒక కాగితం దోపుకుని వెళ్లింది. వాళ్ల వార్డు వెనక చెత్త పోసి తగలబెడుతున్నారు. మనవడికి రాత్రిళ్లు దగ్గు ఆగడం లేదు. వేదిక మీద ఒకాయన తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం మీ చేతుల్లోనే ఉందని ముప్పావుగంట చెప్పాడు. "మేం వేరుచేసే ఇస్తన్నాం. ఆటోవాడు మా కళ్లముందే రెండూ కలిపి పోసుకుపోతన్నాడు. ఆ మాట చెబుదామని లేచా. కూర్చోమ్మా, టైము లేదన్నారు." మూడున్నర గంటలు ఎండలో కూర్చోబెట్టిన మనిషికి ఒకటిన్నర నిమిషం మైకు ఇవ్వడానికి టైము లేదు.

ప్లాస్టిక్ సంచీలో ఇడ్లీ కట్టి ఇస్తోందని నిషేధం వచ్చిన కొత్తలో ఈవిడకే ఫైను వేశారు. అప్పట్నించీ ఆకులో కడుతోంది. గురువారం నాడు ఆమె చేతికిచ్చిన పులిహోర మాత్రం ప్లాస్టిక్ కవర్లో ఉంది.

బహిరంగంగా చెత్త తగలబెడితే అయిదు వేలు, పెద్దయెత్తున తగలబెడితే పాతిక వేలు కట్టించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఆదేశించింది. ఆ పాతిక వేలు మా ఊళ్లో ఎవరు కట్టారో ఒక్క రశీదు చూపించండి. చీర రంగు తప్పిన వంద మాత్రం వారం తిరక్కుండా వసూలవుతుంది. ఎవడి దగ్గర వసూలు చేయగలమో వాడే నేరస్థుడు.

సామాజిక మార్పు అట! ఆ మాట ఫ్లెక్సీ మీద రాయడానికి చేతులెలా వచ్చాయి? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు కూడారు. ఎవరు మెసేజ్ పెట్టారు వాళ్లకి? ఏ రంగు చీర కట్టుకుని రమ్మన్నారు? పగలంతా కూలికి పోయి, రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటూ, మన కష్టం సారా కొట్టుకు ఎందుకు పోతోందని ఒకళ్లనొకళ్లు అడిగారు. కొట్టు మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు ఊరూరికీ పాకింది. సారా వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధించక తప్పలేదు. కొట్టుకు పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి తీసి దాచుకున్నారు. పొదుపు లక్ష్మి అన్నారు దాన్ని. డ్వాక్రా పథకం 1982 నుంచీ కాగితం మీద ఉన్నదే. మన దగ్గర దానికి ప్రాణం పోసింది ఆ రూపాయి. ఇందాక సోలార్ పలకల గురించి చెప్పుకున్న ఓర్వకల్లుకు కూడా ఆ పలకలకన్నా ముందు పొదుపు సంఘాల పేరు ఉంది.

ఖజానాకు చెమటలు పట్టించిన సభలవి. అలాంటిది ఇంకోటి జరగకూడదనే కాబోలు, తర్వాత వచ్చినవాళ్లందరూ, జెండా ఏదైనా సరే, ఆ ఆడవాళ్లనే తెచ్చి కుర్చీల్లో కూర్చోబెట్టి చప్పట్లు కొట్టమన్నారు. ఆ సంఘాలు మీ జాగీరు కాదయ్యా. వాళ్ల అప్పు వాళ్లు వాయిదా తప్పకుండా కట్టుకుంటున్నారు. ఆ అప్పునే గొలుసు చేసి ఈడ్చుకొస్తున్నారు మీరు. జహీరాబాద్ వైపు వెళ్లి పాత పంటల జాతర చూసి రండి. కొర్రలు, సామలు, జొన్నలు ఎడ్లబండ్ల మీద ఊరూరా తిరుగుతాయి. విత్తనం దాచినావిడే అక్కడ పెద్ద. ఎవరు ఎవరికి నేర్పాలి పర్యావరణం? తొమ్మిది కార్లు వెంటేసుకుని వచ్చిన పెద్దమనిషి, ఆకులో ఇడ్లీ కట్టే మనిషికా?

శుక్రవారం పొద్దున బండి దగ్గరికెళ్లాను. అర్జీ కాగితం పొయ్యి పక్కన మడతపెట్టి ఉంది, పులిహోర నూనె అంటి అక్షరాలు కనబడుతూ కనబడకుండా ఉన్నాయి.

"ఇడ్లీ లేదన్నయ్యగారూ. పిండి పులిసిపోయింది. అట్టు వెయ్యనా?"

వెయ్యమన్నాను. ఇంతలో చట్నీ గిన్నె పక్కన ఫోను మోగింది. గరిటె ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని, చెవి దగ్గర పెట్టుకుని చివరిదాకా వింది. అట్టు తిరగేసింది. కాసేపాగి అడిగింది.

"వదినగారి దగ్గర నీలం రంగు చీరేమన్నా ఉందా?"