బొండా? బోండానా?

పది రోజులుగా మా ఇంట్లో పప్పు మాడినా ‘ఇగ్నొమినీ’యే, పంపు రాకపోయినా ‘ఇగ్నొమినీ’యే. అమ్మాయి ఎం.ఎ. ఇంగ్లీషుకు ప్రైవేటుగా కడుతోంది. ఒప్పజెప్పించుకునే ఉద్యోగం, రిటైరై ఖాళీగా ఉన్నానని, నా నెత్తిన పడింది.

పుస్తకం ‘ది స్కార్లెట్ లెటర్’. రాసినాయన నథానియల్ హాథార్న్‌కి 1849లో సేలం ఊరి కస్టమ్స్ ఆఫీసులో ఉద్యోగం ఊడింది. ఆ ఆఫీసు మీద చాంతాడంత ముందుమాట రాసి కసి తీర్చుకున్నాక గానీ మనల్ని కథలోకి రానివ్వడు. కథ 1640ల నాటి బోస్టన్‌ది. మొగుడు ఊళ్లో లేకుండా బిడ్డను కన్నదని హెస్టర్ అనే ఆవిడని, ఆ ఊరి ప్యూరిటన్లు గుండెల మీద ఎర్రగుడ్డతో ‘ఎ’ అక్షరం కుట్టుకు తిరగమన్నారు.

ఆవిడకి ఒక్క అక్షరంతో పోయింది. మా ప్రాణానికి వందల మాటలు. బజారు గైడు చూస్తే ఇగ్నొమినీ అంటే ఆప్రోబ్రియం అంది. ఆప్రోబ్రియం అంటే ఆబ్లొక్వీ. ఆబ్లొక్వీ దగ్గరికి పోతే మళ్లీ ఇగ్నొమినీ! గుడివాడలో బస్సడిగితే పామర్రు పొమ్మని, పామర్రులో అడిగితే గుడివాడ పొమ్మన్నట్టు. ‘అవమానం’ అని ఒక్క తెలుగు ముక్క చెప్పలేదు గానీ, దీనికి డబ్బులు కూడా పుచ్చుకున్నారు.

‘పిల్లొరీ’ దగ్గర నాకు పంతం వచ్చింది. మన బందరులో కొలువు చేసిన బ్రౌను దొర ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు వచ్చింది 1852లో, ఈ నవల వచ్చిన రెండేళ్లకే. తెలుగు మాట లేకపోవడమేమిటి? వెనకటికి దొంగల కాళ్లు ఇరికించే బొండకొయ్య గుర్తొచ్చింది.

“బొండ అని రాసుకో.”

“తినేదా నాన్నా?”

“అది బోండా. దీనికి దీర్ఘమూ లేదు, అల్లం పచ్చడీ లేదు.”

వంటింట్లోంచి మా ఆవిడ: “ఈ వేళప్పుడు బోండాలంటే ఎలాగండీ? పిండి నానొద్దూ?”

తీరా చూస్తే పిల్లొరీలో ఇరికించేది మెడా, చేతులూనట. మనవాళ్లు కాళ్లు పట్టుకుంటే వాళ్లు మెడ పట్టుకున్నారు. అయినా నేను ఒప్పుకోలేదు. నిన్న నెహ్రూ చౌక్ దగ్గర ప్లేటు బోండాలు తీసుకుని, ఒకదాన్ని రెండుగా చీల్చి, మెడ ఎక్కడ పట్టిస్తారో అమ్మాయికి చూపిస్తుంటే బండాయన కంగారుపడి, “లోపల ఉడకలేదా సార్?” అన్నాడు. ఆ బోండాకి కూడా డబ్బులు నావే.

రాత్రి ఒక పేజీలో కష్టమైన మాట ఒక్కటీ తగల్లేదు. హెస్టర్ సూదిపని చేసుకుని బతుకుతుంది. గవర్నరు బట్టలకీ, శవం మీద గుడ్డకీ ఆవిడ పనితనమే కావాలి. పెళ్లికూతురి మేలిముసుగు మాత్రం ఎవరూ ఇవ్వరు.

నా చిన్నప్పుడు మా వీధిలో జాకెట్లు కుట్టే ఆవిడ ఉండేది. అందరి ఒంటి మీదా ఆవిడ కుట్టినవే. పేరంటానికి పిలిచేవారు కాదు. పెళ్లి జాకెట్లు బందరు పంపేవారు. ఆవిడకి ఎవరూ ఏ అక్షరమూ తగిలించలేదు, “ఆవిడా...” అని కాస్త సాగదీసేవారు, అంతే. “వాకిట్లోంచే ఇచ్చి రా” అని మా అమ్మ నన్ను పంపేది. మిగిలిన గుడ్డపీలికని కూడా మడతపెట్టి జాకెట్టులో ఉంచి ఇస్తూ, “ఎన్నో క్లాసు బాబూ?” అనేది. నేను చెప్పకుండా పరిగెత్తుకొచ్చేసేవాణ్ణి.