అబ్బ మంత్రం

మా అక్క కొడుక్కు బెంగుళూరులో ఉద్యోగం. వారాంతంలో మైదుకూరు బస్సు దిగాడంటే వాడి వెనకే ఇద్దరు ముగ్గురు స్నేహితులు, ఒక సంచెడు పాచికలు దిగుతాయి. మనం ఎరిగిన పాచికలు కావు. నాలుగు ముఖాలవి, ఎనిమిది ముఖాలవి, ఇరవై ముఖాలవి. వసారాలో చాప పరిచి కూర్చుంటే అన్నానికి పిలిచినా లేవరు. ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికావాళ్లు తెచ్చారు. ఒకడు కథ నడిపిస్తుంటాడు, తక్కినవాళ్లు తలా ఒక వేషం కట్టి ఆ కథలో దూరతారు. మనిషి అనుకున్న పని జరిగిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. వీధి నాటకానికి లెక్కల మాస్టారు తోడైతే ఇట్లాగే ఉంటుంది.

మావాడిది మాంత్రికుడి వేషం. మంచం మీద పడుకొని చూస్తున్న మా నాయనకు ఆ ముక్క చెవిన పడగానే లేచి కూర్చున్నాడు. ఎందుకంటే చుట్టుపక్కల పల్లెలన్నిటికీ తేలు మంత్రం ఆయన దగ్గరే ఉంది.

"ఏందిరా, మాంత్రికుడంటివి. పుస్తకం చూసి చదువుతాడా?"

"అట్ల కాదబ్బా. పొద్దున్నే పుస్తకం చూసుకొని ఆ రోజుకు కావల్సినవి సిద్ధం చేసుకుంటాడు. పుస్తకం పోయిందంటే అప్పటికి సిద్ధంగా ఉన్నవే గతి."

"ఇంకో నకలు పెట్టుకోవల్ల గదా?"

"పెట్టుకోవచ్చు. తన పుస్తకం తానే తిరగరాసుకుంటే మంత్రం ఎన్నో స్థాయిదైతే అన్ని గంటలు, స్థాయికి పది బంగారు నాణేలు. వేరేవాళ్ల మంత్రం ఎక్కించుకోవల్లంటే స్థాయికి రెండు గంటలు, యాభై నాణేలు."

"యాభయ్యా? యాలరా?"

"మంచి సిరా కావల్ల, ప్రయోగాలు చేసి చూసుకోవల్ల. ఒక్కో మాంత్రికుడు ఒక్కో రకం గుర్తుల్లో రాసుకోనుంటాడు. ఆ మర్మం విప్పి మన గుర్తుల్లోకి దింపుకోవల్ల గదా."

నాకు ఆ ధర ఎక్కువనిపించలేదు. కడపలో బ్రౌన్ దొర తన బంగళాలో పండితులను కూర్చోబెట్టి తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించినప్పుడు జీతాలన్నీ సొంత జేబులోంచే పెట్టుకున్నాడు. నకలు రాయడం ఏ కాలంలోనూ చౌక బేరం కాదు. నాయన ఆలోచన వేరే దారిన పోయింది. "రెండో నకలు యాడ దాచుకుంటాడంట? బనగానపల్లెలో బ్రహ్మంగారి పత్రాల మాదిరి చింతచెట్టు కింద పాతిపెట్టుకోమను, ఎవురూ తియ్యరు" అన్నాడు.

ఆ రోజు ఆటలో మావాడికి ఒక గుహలో స్క్రోలు దొరికింది. దాంట్లో నిప్పుబంతి మంత్రం, మూడో స్థాయిది. చదివి విసిరితే ఆరు ముఖాల పాచికలు ఎనిమిది వేసి ఎంత పడితే శత్రువుకు అంత దెబ్బ. కానీ ఒక్కసారే, చదవగానే స్క్రోలు పొడి అయి రాలిపోతుంది. అలా కాకుండా పుస్తకంలోకి ఎక్కించుకుంటే జీవితాంతం వాడుకోవచ్చు. వీడు ఎక్కిస్తానన్నాడు. ఆరు గంటలు, నూట యాభై నాణేలు. స్నేహితులు తలా కొంత అప్పిచ్చారు. ఇరవై ముఖాల పాచిక పడాలి, విద్యకు కలిసే అంకెతో కలిపి పదమూడు రావాలి. నాలుగు పడింది. అయిదు కలిపినా తొమ్మిదే.

"అయిపాయె. స్క్రోలు బూడిద" అన్నాడు కథ నడిపేవాడు.

"రాసుకోలేకపోయినా కాగితం పోతుందా?" నాయన మంచం దిగి వచ్చాడు.

"పోతుందబ్బా. రాసుకున్నా పోతుంది, రాసుకోలేకపోయినా పోతుంది."

నాయన చాలాసేపు తల ఆడించాడు. "కట్టుదిట్టంగా రాసినారు. ఇది రాసినోడికి మంత్రం తెలుసురా" అని తేల్చేశాడు. నిజానికి గైగాక్స్‌కు తెలిసింది జాక్ వాన్స్ కథలు. 1950లో అచ్చయిన వాన్స్ పుస్తకం 'ది డయింగ్ ఎర్త్'లో మాంత్రికుడు మంత్రం ప్రయోగించగానే అది వాడి బుర్రలోంచి తుడుచుకుపోతుంది.

నాయన దగ్గర ఉన్న నిబంధనలు ఇంకా గట్టివి. మంత్రం కాగితం మీద పెట్టకూడదు. గ్రహణం పట్టినప్పుడు నీళ్లలో నిలబడి చెవిలోనే చెప్పాలి. డబ్బు ముట్టకూడదు, తాంబూలం తప్ప. అన్నిటికన్నా పెద్దది: ఒకరికి ఉపదేశిస్తే చెప్పినవాడి దగ్గర ఇక పనిచెయ్యదు. మావాడి కళ్లు ఆ మాటకు మెరిశాయి. "అబ్బా, నువ్వే ఒక స్క్రోలువు" అన్నాడు. ఆ రోజు నుంచి ఫోన్లో కూడా ఒకటే పోరు, నాకియ్యి నాకియ్యి అని.

నాయన మంత్రం పెట్టే తీరు మా ఇంట్లో అందరికీ చూసి చూసి అలవాటే. వేపరెల్లతో భుజం మీద నుంచి కిందికి దువ్వుతాడు. పెదాలు మాత్రం కదులుతుంటాయి. "యాడికి దిగింది?" అంటాడు. "మోచేతికాడికి." మళ్లీ దువ్వుతాడు. "ఇప్పుడు?" "మణికట్టుకాడ." చింతగింజను రాతి మీద అరగదీసి కుట్టినచోట అతికిస్తాడు. ఆ తర్వాత రెండు గంటలు వసారా దాటకూడదు, పచ్చి మంచినీళ్లు కూడా తాగకూడదు. నల్లతేలు కుట్టినవాళ్లు చాలామంది ఆ రెండు గంటల్లో తేరుకొని దండం పెట్టి పోయేవాళ్లు. నల్లతేలు మంట ఎటూ కొన్ని గంటల్లో తగ్గేదే. తేరుకోనివాళ్లను బండెక్కించి పంపేటప్పుడు, "నిష్ఠ తప్పినారు, ఏదో ముట్టుకొనింటారు" అనేవాడు నాయన. వాళ్లు ఎక్కడికి పోయారో, ఏమయ్యారో మేమెప్పుడూ కనుక్కోలేదు.

2025 సెప్టెంబరు 7, ఆదివారం. సంపూర్ణ చంద్రగ్రహణం. రాత్రి పది కావస్తుండగా పట్టు మొదలైంది, పదకొండుకు పూర్తిగా పట్టింది. తాతా మనవడూ కేసీ కాలువలో మోకాటి లోతు నీళ్లలో నిలబడ్డారు. నేను గట్టున టార్చిలైటు పట్టుకొని, అవతలికి తిరిగి నిలబడాలి; నాకు వినే అర్హత లేదు. తడిసిన పంచెతో ఇంటికి వస్తూ నాయన ఎదురుపడిన ప్రతివాడికీ చెప్పాడు: "ఇంగ నాకాడ ఏం లేదప్పా. అంతా వానికాడనే." మావాడు మరుసటి రోజు బస్సులో తన వేషం కాగితం తీసి, మంత్రాల జాబితా చివర ఇంకొక గీత గీసుకున్నాడట. పేరు మాత్రం రాయలేదు, నిబంధన కదా. వాడు బెంగుళూరులో ఉంటే తేలు కుట్టినవాళ్ల గతేమిటని అడిగాను. ఫోన్లో పెట్టొచ్చులే అన్నాడు నాయన. అట్లా రెండు మూడు సార్లు పెట్టారు కూడా, స్పీకరు ఆన్ చేసి.

దీపావళికి వాడు ఊరొచ్చాడు. చీకటి పడే వేళ. పెరట్లో ఉల్లిగడ్డల గోతం జరపబోయిన నాయన కెవ్వున కేకేశాడు. మేం పరుగెత్తేసరికి ఎడమచెయ్యి పట్టుకొని కింద కూలబడి ఉన్నాడు. గోతం అంచున ఎర్రతేలు, చిటికెనవేలంత ఉంది. నొసలంతా చెమట.

మావాడు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. వేపకొమ్మ విరిచి, అబ్బ ఎదురుగా బాసింపట్టు వేసుకొని కూర్చొని, కళ్లు మూసుకొని, భుజం మీద రెల్ల ఆనించాడు.

నాయన వాడి చెయ్యి విదిలించి కొట్టాడు.

"ఏం చేస్తాండావురా?"

"మంత్రమబ్బా. నువ్వు చెప్పిందే."

"మంత్రం సంగతి నాకు తెల్దా! బండి తియ్యరా నా కొడకా!"

ఆస్పత్రిలో చేతికి మత్తుసూది వేశారు, బీపీ చూశారు, చిన్న మాత్ర ఒకటి ఇచ్చారు. ప్రజోసిన్. రక్తపోటు మందే. మహారాష్ట్రలో మహాడ్ అనే చిన్న ఊళ్లో వైద్యం చేసిన డాక్టర్ హిమ్మత్‌రావు బవాస్కర్, ఎర్రతేలు విషానికి గుండె దెబ్బతిని చచ్చిపోతున్నవాళ్లను ఈ మాత్ర బతికిస్తుందని గమనించి 1986లో లాన్సెట్ పత్రికలో రాసేశాడు. ఎంతమంది డాక్టర్లు రాసుకున్నా ఆ మందు పనితనం తగ్గలేదు.

గంట తర్వాత నాయన మొహంలోకి కళ వచ్చింది. ఈ మధ్యే బదిలీ మీద వచ్చిన నర్సమ్మ చీటీలో వివరాలు నింపుతూ, "కుట్టినాంక ఎంతసేపటికి వచ్చినారు తాతా?" అని అడిగింది.

"పావుగంట" అన్నాను నేను.

ఆమె పెన్ను ఆపి నాయన వైపు మెచ్చుకోలుగా చూసింది.

"మంచి పని చేసినావు తాతా. ఈ ఊళ్లో ఎవరో మంత్రం పెట్టే పెద్దాయన ఉండాడంట. అందరూ ముందు ఆడికే పోతారు. రెండు గంటలు కదలనియ్యడంట. పిల్లోళ్ల ఒళ్లు చల్లబడినాంక ఈడికి మోసుకొస్తారు, మేమేం చేసేది? నీ మాదిరి తెలిసినోళ్లు చెప్తే వింటాడేమో. ఆయన ఇల్లు నీకు తెలిసే ఉంటాది, పోయి రోంత చెప్పు తాతా."