తాటాకింటికి ఎన్ని స్టార్లు?

కొత్తగా కట్టే ఇల్లు వాతావరణానికి బరువు కాకూడదని సర్కారువారు సంకల్పించారు. సంతోషం. 2070 నాటికి దేశమంతా నెట్ జీరో అని 2021లో గ్లాస్గోలో మాట కూడా ఇచ్చేశారు. అంతకు ముందే, 2018 డిసెంబరులో, ఇళ్ల కోసం 'ఎకో నివాస్ సంహిత' వచ్చింది. పేరు విని మా బందరులో ఒకాయన, కొత్త వాస్తు గ్రంథమనుకుని సిద్ధాంతిగారిని అడిగొచ్చాడు.

అందులో ఉన్నది మంచి మాటే. మనలాంటి ఉక్కపోత ఊళ్లలో ఇంటి వైశాల్యంలో ఆరోవంతు మేర గాలికి తెరుచుకునే కిటికీలూ తలుపులూ ఉండాలట. గుడివాడ మల్లాయపాలెంలో 2023 జూన్‌లో 8,912 టిడ్కో ఇళ్లు ప్రారంభించారు. వాటిలో 300 చదరపు అడుగుల ఇంటికి ఆరోవంతంటే 50 చదరపు అడుగులు. మరి బీరువా ఎక్కడ పెట్టుకోవాలో సంహిత చెప్పలేదు.

2022లో ఇంధన పొదుపు చట్టం సవరించి ఇళ్లనూ దాని కిందికి తెచ్చారు. కాకపోతే కరెంటు లోడు 100 కిలోవాట్లు ఉంటేనే. మా ఇంటిది మూడు. వందకు చేరాలంటే అరవై పైచిలుకు ఏసీలు బిగించాలి, అప్పుడుగానీ చట్టం కంటికి ఆనం. రాష్ట్రం తలుచుకుంటే ఆ వందను తగ్గించుకోవచ్చని చట్టంలోనే ఉంది. తలుచుకోవాలిగా!

బ్రిటన్ వాళ్లు 2016 నుంచి ప్రతి కొత్త ఇల్లూ జీరో కార్బనే అని 2006లో ప్రకటించి, 2015లో తూచ్ అనేశారు. మనమే నయం. తూచ్ అనే అవసరం రాకుండా ముందే గీత గీసుకున్నాం.

నాగాయలంకలో మా బాబాయి పుట్టింది తాటాకింట్లో. ఆకులు గట్టు మీది చెట్లవి, గోడ చెరువు మట్టి, అలుకు గొడ్లసావిట్లో పేడ. కాగితాల్లో దాని పేరు కచ్చా ఇల్లు.

"కార్బన్ లేని ఇల్లంటే ఏవిట్రా?"

"నువ్వు పుట్టిన ఇల్లే బాబాయ్."

"మరి దాన్ని పీకేసి స్లాబు వేసుకోమంది సర్కారువాళ్లేగా?"

వేసుకోమనడంలో తప్పు లేదు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమ మనిషికి తాటాకు గొప్ప చెప్పడానికి నోరు రాదు. స్లాబు కావాల్సిందే. అయితే ఆ స్లాబు లేచే తీరు చూడండి. పల్లపు పొలం కాబట్టి ముందు టిప్పర్లకొద్దీ బుసక పోసి మెరక చేయాలి. ఆపైన సిమెంటు. ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టి పెచ్చులూడితే మళ్లీ సిమెంటు. మే నెలలో రాత్రి పది దాటినా ఆ గదిలో పడుకోవడమంటే ఇడ్లీపాత్రలో పడుకోవడమే. దానికో ఏసీ. ఏసీ బిల్లుకు విరుగుడుగా పైన సోలార్ పలకలు, మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల కేంద్ర సబ్సిడీ. ఎండ ఎక్కించిన వేడిని ఎండతోనే దించుకుంటాం.

మొన్న మా వీధిలో కడుతున్న ఇంటికి దక్షిణం కిటికీ ఇటుకలతో మూసేస్తున్నారు. ఎందుకని తాపీమేస్త్రిని అడిగాను.

"సిద్ధాంతిగారు వద్దన్నారండీ. ఓనరుగారేమో అక్కడే ఏసీకి కన్నం వదలమన్నారు."

మా ఊళ్లో పైరగాలి వచ్చేది ఆ దక్షిణం నుంచే.