విశ్వాసం నలగకుండా వాడుకునే విధానం

కొత్తగా బాప్తిస్మం తీసుకున్న కుర్రకారు తరచూ ఒక పొరపాటు చేస్తుంటారు. ఆదివారం మందిరంలో విన్న ప్రసంగాన్ని సోమవారం పొద్దున్నే కొట్లోనో ఆఫీసులోనో అమలు పెట్టబోతారు. తూకం దగ్గర చెయ్యి ఆగిపోతుంది, బిల్లు దగ్గర పెన్ను ఆగిపోతుంది, వారం తిరిగేసరికి ఇంట్లో గొడవ మొదలవుతుంది. విశ్వాసం పట్టుచీర లాంటిది, రోజూ కడితే నలిగిపోతుంది. తరతరాల అనుభవం ఉన్న కుటుంబాలు దాన్ని మడత చెడకుండా ఎలా దాచుకొస్తున్నాయో కింద వరసగా చెప్పాం. శ్రద్ధగా పాటిస్తే మీ భక్తి మీ మనవల చేతికి కూడా కొత్తదిగానే అందుతుంది.

1. ముందు గుర్తులు పెట్టండి

కారు వెనక అద్దం మీద ఇరవై మూడో కీర్తన రాయించండి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి. మీరు రాంగ్ రూట్‌లో దూసుకుపోయాక, పక్కకి దూకి బతికినవాడు వెనక్కి తిరిగి చూస్తే ఆదరణ దొరకాలి కదా.

ఈ ఇంటికి యజమాని ప్రభువేనని గుమ్మం మీద బోర్డు తగిలించండి. అద్దె మాత్రం మీరే వసూలు చేసుకోండి. పై వాటా చూడటానికి వచ్చినవాళ్లని "మీరేమిట్లండీ?" అని అడగడం కూడా మీరే చూసుకోండి. ఇంత చిన్న విషయాలకి యజమానిని ఇబ్బంది పెట్టకూడదు.

2. ప్రార్థనలో పెట్టండి

ఎవరైనా ఆసుపత్రి ఖర్చుకి అయిదు వేలు సర్దమంటే "తప్పకుండా ప్రార్థనలో పెడతాను బ్రదర్" అనండి. అడిగినవాడు "వందనాలండి" అని వెళ్లిపోతాడు. డబ్బు ఇస్తే తిరిగొస్తుందో రాదో అన్న బెంగ ఉంటుంది, ఇందులో ఆ బెంగ కూడా లేదు.

యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో, ఆకలితో ఉన్నవాణ్ణి మంచి మాటలు చెప్పి పంపేసే మనిషి ఒకడు వస్తాడు. ఎక్కడో చూసినట్టుందే అనిపిస్తే పేజీ తిప్పేయండి. లూథర్ 1522లో ఆ పత్రికని గడ్డి పత్రిక అన్నాడు కాబట్టి గుంటూరు లూథరన్లకి కాస్త వెసులుబాటు ఉంది. మిగతా సంఘాలవాళ్లు పేజీ మరికొంచెం త్వరగా తిప్పాలి.

3. వాగ్దానాలు తీసుకోండి, ఆజ్ఞలు వద్దు

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్లెంలో వాగ్దానం కార్డులు వస్తాయి. మీ సరిహద్దులు విశాలం అవుతాయని వస్తే లామినేషన్ చేయించి వాట్సాప్ డీపీగా పెట్టుకోండి. శత్రువుని ప్రేమించమనో, ఉన్న రెండు అంగీల్లో ఒకటి ఇచ్చెయ్యమనో వస్తే, వెలుగు సరిగ్గా లేదన్నట్టు కళ్లు చికిలించి, కార్డు మళ్లీ పళ్లెంలో పెట్టేసి ఇంకోటి తీసుకోండి. అయితే కంగారు అక్కర్లేదు, అచ్చు వేసేవాళ్లకి మన సంగతి తెలుసు. అలాంటి కార్డులు అరుదు.

4. సాక్ష్యం క్లుప్తంగా చెప్పండి

దేవుడు మీకు ఏమేం ఇచ్చాడో చెప్పేదే సాక్ష్యం. ప్లాటు, ప్రమోషన్, అబ్బాయికి అమెరికా వీసా, ఈ వరసలో చెప్పుకోవచ్చు. ఆయన మీ చేత ఏం వదిలించాడో చెప్పే ఆనవాయితీ ఇప్పుడు లేదు. ఆర్నెల్లు పెండింగులో ఉన్న ఫైలు ఒక్క పూటలో కదిలిందని చెప్పేటప్పుడు వివరాల్లోకి దిగకండి. "ఆశ్చర్య రీతిగా" అంటే చాలు, సంఘమంతా హల్లెలూయా అంటుంది. ఆ ఆశ్చర్యం కవరు లోపల ఎంత మందాన ఉందో అడిగే మర్యాదలేనివాళ్లు మందిరానికి రారు.

5. కానుక కనబడాలి

కోత పండుగ వేలంపాటలో సొరకాయని నాలుగు వందలకీ నాటుకోడిని నాలుగు వేలకీ పాడండి. మైకులో మీ పేరు మూడుసార్లు వస్తుంది. కొత్త మందిరం కడుతుంటే గ్రానైట్ పలక ఎంత వెడల్పు ఉంటుందో ముందు కనుక్కొని, కానుక సంగతి తర్వాత ఆలోచించండి.

పాత సంఘాల్లో గుప్పెడు బియ్యం పద్ధతి ఒకటి ఉండేది. ఎసట్లో పోసే ముందు ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారం పట్టుకెళ్లి మందిరంలో పోసేవాళ్లు. కూలి చేసుకుని బతికే ఇంట్లో కూడా ఆ గుప్పెడు తప్పేది కాదు. చక్కటి పద్ధతే కానీ ఒక్క లోపం ఉంది. బియ్యపు గింజ మీద పేరు చెక్కించడం కష్టం.

6. విశ్రాంతి దినం ఎవరిదో తేల్చుకోండి

ఆదివారం మీరు మందిరం నుంచి వచ్చేసరికి అంట్లు తోమి, ఉల్లిపాయలు తరిగి, బిర్యానీకి అంతా సిద్ధంగా ఉండాలి. కాబట్టి పనిమనిషికి ఆదివారం సెలవు కుదరదు. విశ్రాంతి దినపు ఆజ్ఞలో దాసుడూ దాసీ కూడా ఉన్నారని ఎవరైనా గుర్తుచేస్తే, ఆ ఆజ్ఞ కతోలికుల, లూథరన్ల లెక్కలో మూడోది, మిగతావాళ్ల లెక్కలో నాలుగోది అని చెప్పి చర్చ లేవదీయండి. ఆ లెక్క తేలేలోపు అంట్లు అయిపోతాయి.

సాయంత్రం కుటుంబ ప్రార్థనకి ఆమెని తప్పక పిలవండి, అదే చాప మీద కూర్చోబెట్టండి. టీ ఇచ్చేటప్పుడు మాత్రం ఆమె గ్లాసు ఆమెకే ఇవ్వండి.

7. పెళ్లి సంబంధం

ఇది కీలకమైన అధ్యాయం, నెమ్మదిగా చదవండి. ఇంతవరకూ చెప్పినవి అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు, ఇక్కడ తేడా వస్తే చుట్టాలు క్షమించరు.

క్రైస్తవంలో కులం లేదని వేదిక మీద గట్టిగా చెప్పండి. పౌలు గలతీయులకి రాసింది వాడుకోండి. కవి జాషువా పేరెత్తండి, చప్పట్లు పడతాయి. ఆయన 'గబ్బిలం' మాత్రం ఇంట్లో ఎవరూ చదవకుండా చూసుకోండి. 2022లో పూల ఆంథోని గారు కార్డినల్ అయినప్పుడు, దళితుల్లోంచి ఆ స్థానానికి చేరిన మొదటివారని అందరం ఫొటో పంచుకున్నాం, అదీ చెప్పండి. వేదిక దిగాక అమ్మాయికి ప్రకటన ఇవ్వండి. రక్షణ పొంది ఉండాలి, ప్రార్థనాపరుడై ఉండాలి, సాఫ్ట్‌వేర్ అయి ఉండాలి. చివర్లో రెడ్డి క్రైస్తవులో కమ్మ ఆర్.సి.ఎం.లో ఏది కావాలో అది పెట్టండి. వరుడు తిరిగి జన్మించినవాడై ఉండాలి, కానీ మొదటిసారి ఎక్కడ జన్మించాడో అదే ముఖ్యం.

ప్రభుత్వం మాత్రం మన వేదిక మీది మాటలే నమ్మింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో దారి తెరిచారు, క్రైస్తవులకి తెరవలేదు. అందుకని ఒక కుర్రవాడు కాలేజీ సర్టిఫికెట్‌లో ఒక పేరుతోనూ సండే స్కూలు రిజిస్టర్‌లో ఇంకో పేరుతోనూ బతుకుతుంటాడు. కులం ఉన్నందుకు సంఘంలో సంబంధం దొరకదు, కులం లేనందుకు ఆఫీసులో రిజర్వేషన్ దొరకదు. అతన్ని చూసి "అవకాశవాది" అని నిట్టూర్చే హక్కు మీకు సంపూర్ణంగా ఉంది. ఆ నిట్టూర్పుతోనే అతన్ని మీ అల్లుళ్ల జాబితాలోంచి కొట్టేయండి.

8. క్రిస్మస్

చీరలు పంచండి. బ్యానర్ మీద మీ ఫొటో ప్రభువు బొమ్మ కంటే ఒక అంగుళం చిన్నగా ఉంటే వినయం. చీర మీ చేతిలో సగం, ముసలమ్మ చేతిలో సగం ఉండగా, ఫొటో తీశానని కెమెరా కుర్రాడు చెప్పేదాకా వదలకండి. కుడిచెయ్యి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదన్నారు గానీ, జిల్లా పేజీకి తెలియకూడదని ఎక్కడా లేదు.

9. హెచ్చరిక: అదుపు తప్పిన ఒక ఉదంతం

ఈ జాగ్రత్తలు తీసుకోకపోతే ఏమవుతుందో ఒంగోలు బాప్టిస్టు మిషన్ చరిత్ర చెబుతుంది. యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తోళ్ల వ్యాపారం చేసుకునే మనిషి, 1860లలో విశ్వాసి అయ్యి తన వాళ్లకి చెప్పడం మొదలుపెట్టాడు. చాలామందికి చదువు రాదు కాబట్టి ప్రసంగాన్ని ఆదివారానికే వదిలెయ్యడం వాళ్లకి తెలియలేదు. చచ్చిన పశువు మాంసం తినం, విగ్రహానికి మొక్కం, ఆదివారం పని చెయ్యం అన్నారు. ఊరి జాతరలో డప్పు కొట్టమంటే కొట్టం అన్నారు. ఊరి పెద్దలు ఊరుకోలేదు. నీళ్లు బంద్, పని బంద్, కొన్నిచోట్ల దెబ్బలు కూడా. అయినా మానలేదు. పాపం, వాళ్లకి కారూ లేదు, స్టిక్కరూ లేదు, మరి భక్తిని ఎక్కడ అతికించుకుంటారు?

వాళ్ల మిషనరీ దొర క్లౌ కూడా అలాంటివాడే. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలవలో మూడు మైళ్లకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లందరికీ పని ఇచ్చి కూలి ఇచ్చాడు. వాళ్లు బాప్తిస్మం ఇమ్మని అడిగితే, కరువు సాయం నడిచినంతకాలం ఇవ్వనన్నాడు. గంజి కోసం ఎవరూ క్రైస్తవులు కాకూడదట! ఏడాదికి పైగా రిజిస్టరు మూసే ఉంచాడు. సాయం ఆగాక కూడా జనం ఆగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2222 మంది నీళ్లలోకి దిగారు. సభకి మనుషుల్ని లారీల్లో తోలించే మన నిర్వాహకులు ఇది చదివితే నవ్వుకుంటారు. చేతిలో గంజి ఉండగా తలలు లెక్కపెట్టుకోనివాడు ఏం నిర్వాహకుడు?

10. లక్షణాలు కనబడితే

ఒకటో తారీఖునే పనిమనిషి జీతం గుర్తుకురావడం, అయిదు వేలు అడిగినవాడికి ముందు డబ్బిచ్చి తర్వాత ప్రార్థన చెయ్యడం, సంబంధం మాట్లాడుతూ ఇంటిపేరు అడగడం మరిచిపోవడం. ఇవి మొదటి లక్షణాలు. కంగారు పడకండి. వెంటనే మూడు రోజుల ఉపవాస కూటాలు పెట్టించండి. పెద్ద సౌండ్ బాక్సులు, బయటి ఊరి ప్రసంగీకుడు, మధ్యాహ్నం అయిదు వందల మందికి భోజనాలు. ఆ హడావుడిలో చాలామంది మామూలు మనుషులైపోతారు.

అప్పటికీ తగ్గకపోతే చేసేదేమీ లేదు. వచ్చే కమిటీ ఎన్నికల్లో సంఘ పెద్దగా నిలబడే ఆశ వదులుకోండి. నిలబడినా మీకు పడేవి పనిమనిషి ఓటూ, ఆ రెండు పేర్ల కుర్రవాడి ఓటూ మాత్రమే.